ఇరుసు మారిస్తే కారు మారుతుందా?

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనానికి చూపించింది. ప్రారంభ ధర 2,368 డాలర్లు. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, కావాలనుకున్నవాళ్ళకు వి8 ఇంజన్. కుర్రకారు ఎగబడి కొన్నారు. అయితే కిందికి వంగి వెనక చక్రాల మధ్య చూస్తే కొత్తదనమేమీ కనిపించదు. ఫాల్కన్ అనే చౌకరకం కుటుంబ కారు నుంచి తెచ్చి పెట్టిన ఏర్పాటే అది. రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే ఇనుప ఇరుసు, దాని నడుమ ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, రెండు పక్కలా స్ప్రింగులుగా కమాన్ పట్టీలు. మన అంబాసిడర్ కింద ఉన్నదీ ఇదే, హైవే మీద పోయే లారీ కింద ఉన్నదీ ఇదే.

ఆ రోజుల్లో అమెరికాలో వచ్చిన మజిల్ కార్లలో ఎక్కువ భాగం ఇంతే. పాంటియాక్ జీటీవో, షెవర్లే షెవెల్, కమారో, డాడ్జ్ చార్జర్... కొన్నిటికి కమాన్ పట్టీల బదులు కాయిల్ స్ప్రింగులు ఉండేవి కానీ, ఇరుసు మాత్రం ఒకటే. (మస్టాంగ్‌ను మజిల్ కారు అనకూడదు, ‘పోనీ కారు’ అనాలి అనే పండితులున్నారు. వాళ్ళతో పేచీ మనకొద్దు.) ఇప్పుడు ఆ కార్లు ఉన్నవాళ్ళలో కొందరు పైరూపం చెక్కుచెదరకుండా ఉంచి, కింద ఉన్న ఆ పాత ఇరుసును పీకేసి, రెండు వెనక చక్రాలూ దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టిస్తున్నారు. ఖర్చు కొన్ని వేల డాలర్ల నుంచి మొదలై, పెద్ద షాపులో పూర్తి పని చేయిస్తే ఐదంకెలకు సులువుగా చేరుతుంది. అంత డబ్బు పోసి వీళ్ళు కొనుక్కుంటున్నదేమిటి?

ముందు పాత ఇరుసు చేసే ఇబ్బంది చూద్దాం. కావడిబద్ద ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది కదా, ఒంటి ఇరుసుదీ అదే తంతు. ఎడమ చక్రం గుంతలో దిగితే ఇరుసు మొత్తం వాలుతుంది. కుడి చక్రం నున్నటి రోడ్డు మీదే ఉన్నా అదీ పక్కకు ఒరుగుతుంది. తిన్నని రోడ్డులో ఇది పెద్దగా తెలియదు. మలుపులో, అదీ వేగంగా పోతున్నప్పుడు ఒక గతుకు తగిలితే కారు వెనక భాగం ఒక్క క్షణం పక్కకు జరిగినట్టవుతుంది. పాత మస్టాంగ్ నడిపినవాళ్ళందరికీ అనుభవమే.

దీనికి తోడు బరువు. కారు బరువులో స్ప్రింగుల మీద కూర్చున్నది వేరు, స్ప్రింగుల కింద వేలాడేది వేరు. ఒంటి ఇరుసు కార్లో డిఫరెన్షియల్, అందులోని క్రౌన్ వీల్, పినియన్, ఇరుసు గొట్టాలు, బ్రేకులు, చక్రాలు అన్నీ కింది బరువే. గతుకు తగిలినప్పుడు ఎగిరేది అదంతా. అంత ఇనుము ఒకసారి పైకి లేచాక షాక్ అబ్జార్బర్ దాన్ని అదిమిపెట్టి టైరును మళ్ళీ రోడ్డుకు ఆనించేలోపు కారు ముందుకు పోతూనే ఉంటుంది. ఆ కాస్త దూరం టైరుకు పట్టు ఉండదు.

మూడో ఇబ్బంది మజిల్ కార్లకు మరీ సొంతం. మాన్యువల్ గేరు, పెద్ద వి8, క్లచ్ ఠక్కున వదిలి యాక్సిలరేటర్ తొక్కారనుకోండి. చక్రాలు ముందుకు తిరగాలంటే ఇరుసు గొట్టం అందుకు ఎదురు దిక్కున తిరగాలని చూస్తుంది. దాని ముక్కు, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పైకి లేస్తుంది. ఆ తిప్పుడును ఆపాల్సింది ఆ కమాన్ పట్టీలే. ఇరుసుకు ముందున్న సగం పట్టీ పైకి, వెనకున్న సగం కిందికి వంగుతుంది. ఒక హద్దు దాటాక టైరు జారుతుంది. జారగానే మీద పడ్డ బలం తగ్గి, పట్టీ ఒక్కసారిగా విప్పుకుంటుంది. విప్పుకోగానే టైరు మళ్ళీ రోడ్డును పట్టుకుంటుంది, పట్టీ మళ్ళీ మెలిక పడుతుంది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు. బయటి నుంచి చూసేవాళ్ళకు వెనక చక్రాలు దడదడమంటూ గెంతుతున్నట్టు కనిపిస్తుంది. 1967 మోడల్‌గా వచ్చిన మొదటి కమారోకు ఒక్కో పక్క ఒక్కటే పట్టీ ఉండేది. ఈ గెంతుడు భరించలేక, 1968లో శక్తిమంతమైన మోడళ్ళకు ఎక్కువ పట్టీలు పెట్టడమే కాక, షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని ఇరుసుకు ముందు, ఇంకోదాన్ని వెనక బిగించారు. ఇరుసు ఏ దిక్కుకు తిరగబోయినా ఒక షాక్ అడ్డుపడుతుందని లెక్క.

ఇంకో చిన్న సంగతి. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే బలం ఇరుసును పక్కకు కూడా మెలిపెడుతుంది. ఎడమ చక్రాన్ని రోడ్డుకు నొక్కి, కుడి చక్రాన్ని తేలిక చేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న పాత కారు ఒక్కసారి ఎగిరి దూకితే రోడ్డు మీద రెండు నల్ల చారలకు బదులు తరచూ ఒక్కటే పడుతుంది, అదీ కుడి టైరుది. కారణం ఇదే.

ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్‌ను ఇరుసు మీది నుంచి తీసి కారు బాడీకే బిగిస్తారు. దాని నుంచి అటూ ఇటూ రెండు చిన్న షాఫ్టులు, రెండు కొసలా మడత పడే జాయింట్లతో, చక్రాలకు వెళ్తాయి. చక్రాలను పట్టి ఉంచే పని కంట్రోల్ ఆర్ములది. డిఫరెన్షియల్ బరువు స్ప్రింగుల పైకి వెళ్ళిపోయింది కాబట్టి గతుకులో ఎగిరే బరువు తగ్గింది. షాఫ్టు మెలిపెట్టే బలం ఇప్పుడు బాడీ మీద పడుతుంది, చక్రాల మీద కాదు. ఒక చక్రం గుంతలో దిగితే రెండోదానికి ఆ సంగతే తెలియదు.

ఇది ఇంత మంచిదైతే ఫోర్డ్ 1964లోనే ఎందుకు పెట్టలేదు? చేసి చూసింది. క్లాస్ ఆర్నింగ్ అనే ఫోర్డ్ సస్పెన్షన్ ఇంజనీరు మొదటి తరం మస్టాంగ్ కోసం ఇండిపెండెంట్ వెనక సస్పెన్షన్ గీసి, నమూనాలు తయారు చేయించాడు. ఆయన సామాన్యుడు కాడు. మస్టాంగ్ ముందు సస్పెన్షన్‌లో పై ఆర్మును కాస్త కిందికి దించి బిగిస్తే మలుపుల్లో కారు తీరే మారిపోతుందన్న లెక్క ఆయనదే. రేసు కార్లు కట్టే క్యారల్ షెల్బీ మస్టాంగ్‌ను మార్చి చేసిన తన జీటీ350లో దాన్ని వాడుకోవడంతో దానికి షెల్బీ పేరు స్థిరపడింది. ఆర్నింగ్ వెనక సస్పెన్షన్ మాత్రం కారు కిందికి చేరలేదు. రెండున్నర వేల డాలర్లకు లోపు అమ్మే కారుకు అంత సరంజామా గిట్టదు. యాభై ఏళ్ళు దాటాక షెల్బీ పాత బృందంలోని కొందరు ఆ డిజైన్‌ను బయటికి తీసి, కొత్తగా కట్టిన 1965 నమూనా జీటీ350లలో పెట్టారు. మస్టాంగ్ షోరూములో ఆ సౌకర్యంతో కనిపించింది 1999 కోబ్రా మోడల్‌తో, మామూలు మస్టాంగులన్నిటికీ వచ్చింది 2015 మోడల్‌తో. 2016లో మన దేశంలో అధికారికంగా అమ్మకానికి దిగిన మస్టాంగ్ ఆ తరానిదే.

ఖరీదైన కార్లలో అయితే ముందే ఉంది. 1961 జాగ్వార్ ఈ-టైప్‌లోనూ, 1963 కార్వెట్ స్టింగ్ రేలోనూ వెనక చక్రాలు విడివిడిగానే కదిలేవి. కార్వెట్ కోసం ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ బృందం కారుకు అడ్డంగా ఒకే కమాన్ పట్టీల కట్ట పెట్టి రెండు చక్రాలకూ అదే స్ప్రింగుగా వాడింది.

అలాగని ‘ఇండిపెండెంట్’ అన్న మాటకే దండం పెట్టేయకూడదు. 1960 షెవర్లే కార్వెయిర్‌కూ వెనక చక్రాలు విడివిడివే. అయితే షాఫ్టులు లోపలి కొసన మాత్రమే మడత పడేవి. గట్టి మలుపులో కారు వెనక భాగం పైకి లేస్తే చక్రం లోపలికి ముడుచుకుపోయి కారు అదుపు తప్పే ప్రమాదం ఉండేది. అమెరికన్ న్యాయవాది రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద రాసిన 1965 నాటి పుస్తకంలో మొదటి అధ్యాయమే దీని మీద. 1965 మోడల్‌కే సరైన జాయింట్లూ ఆర్ములూ వచ్చినా, ఆ కారుకు పడాల్సిన మచ్చ పడింది. చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు ఎటు వాలుతుంది, ఎటు తిరుగుతుంది అన్నది ఆర్ముల పొడవూ, వాటిని బిగించిన చోటూ నిర్ణయిస్తాయి. ఈ మార్పిడి వ్యవహారంలో తలనొప్పి అంతా అక్కడే ఉంది.

సామాను దొరకడం కష్టం కాదు. వెనకటికి పాత కార్లను మార్చి నడిపే హాట్‌రాడ్ వాళ్ళు పాత సామాన్ల యార్డుల్లో పడి ఉన్న జాగ్వార్ యూనిట్లను తెచ్చి బిగించేవారు. డిఫరెన్షియల్, బ్రేకులు, నాలుగు స్ప్రింగులు, షాకులు అన్నీ ఒక ఇనుప చట్రంలో ఇమిడి ఉంటాయి కాబట్టి మొత్తంగా విప్పి మోసుకురావచ్చు. క్రోమ్ పూత పూయిస్తే కళ్ళు చెదిరేది. నా అనుమానం, చాలామంది దాన్ని కొన్నది మలుపుల కోసం కాదు, ఆ మెరుపు కోసమే. దాని బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర కాక లోపల డిఫరెన్షియల్‌కు ఆనుకుని ఉంటాయి. ప్యాడ్లు మార్చాలంటే కారు కిందికి దూరి, ఆ చట్రం సందుల్లోంచి చెయ్యి పోనివ్వాలి. డిస్కే మార్చాల్సి వస్తే చాలాసార్లు చట్రం మొత్తం దించడమే సులువు. పైగా చట్రాన్ని బాడీకి పట్టించేది రబ్బరు మౌంట్లు. చక్రాల నుంచి ముందుకు వచ్చి బాడీకి కలిసే రెండు పొడవాటి రాడ్లు దాన్ని ముందుకూ వెనక్కూ ఊగకుండా ఆపుతాయి. చోటు సరిపోలేదని ఆ రాడ్లను వదిలేసి బిగించినవాళ్ళున్నారు. అలాంటి కారు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరుగా, వదిలినప్పుడు ఇంకో తీరుగా పోతుంది.

తర్వాతి రోజుల్లో 1989 నుంచి 1997 వరకు వచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్, 1984తో మొదలైన నాలుగో తరం కార్వెట్, 1999 తర్వాతి మస్టాంగ్ కోబ్రా యూనిట్లు వాడుకలోకి వచ్చాయి. కోబ్రాది విచిత్రమైన కథ. మామూలు మస్టాంగ్ పాత ఇరుసు ఎక్కడ పట్టుకుని ఉందో అక్కడే పట్టుకునేలా ఫోర్డ్ దాన్ని గీసింది, బాడీ మార్చే ఖర్చు లేకుండా. యూనిట్ బరువు పాత ఇరుసు కన్నా దాదాపు 36 కిలోలు ఎక్కువైనా, స్ప్రింగుల కింది బరువు దాదాపు 57 కిలోలు తగ్గింది. బిగింపు చోట్లు ఒకటే కావడం వల్ల ఇంకో వింత జరిగింది. డ్రాగ్ రేసులు ఆడేవాళ్ళు కోబ్రా కొని, ఆ కొత్త యూనిట్ విప్పి పారేసి ఒంటి ఇరుసు బిగించుకున్నారు! వాళ్ళు పీకేసిన యూనిట్లే పాత కార్లవాళ్ళకు చౌకగా దొరికాయి.

2015 తర్వాతి మస్టాంగ్ యూనిట్ దొరికితే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడ వెడల్పు అడ్డం వస్తుంది. 1965 మస్టాంగ్ వెనక చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు, కొత్తదానిది దాదాపు 65. పాత ఫెండర్ల కింద అది పట్టదు. చక్రాల ఆఫ్‌సెట్ మార్చి కొంత సర్దుకోవచ్చు, మిగతాదానికి ఆర్ములూ షాఫ్టులూ కురచ చేయాలి. ఆర్ము కురచైతే చక్రం కదిలే వంపు మారిపోతుంది, అంటే ఫోర్డ్ ఇంజనీర్లు వేసిన లెక్కంతా చెరిపేసినట్టే. అందుకే హైడ్ట్స్, ఆర్ట్ మారిసన్ వంటి సంస్థలు పాత కార్ల వెడల్పుకు తగ్గట్టు సొంతంగా గీసిన యూనిట్లు, చాసిస్‌లు అమ్ముతున్నాయి. జేబు ఒప్పుకుంటే ఇదే మేలైన దారి.

ఇక అసలు పని. మొదటి తరం మస్టాంగ్‌కు లారీలా విడి చాసిస్ లేదు, రేకు బాడీయే చాసిస్. వెనక కమాన్ పట్టీల ముందు కొస, వెనక కొస తగిలే నాలుగు చోట్ల మాత్రమే ఫోర్డ్ దాన్ని బలంగా కట్టింది. చక్రాల బలం అక్కడే దిగుతుందని దానికి తెలుసు. కొత్త యూనిట్ బలం దిగే చోట్లు వేరు. డిఫరెన్షియల్ మెలిపెట్టే బలమంతా ఇప్పుడు పలచటి రేకు మీద పడుతుంది. అక్కడ పైపుతోనో మందపాటి ప్లేటుతోనో కొత్త పట్టు కట్టకపోతే కొన్నాళ్ళకు వెల్డింగు పక్కన రేకు పగులుతుంది. అరవై ఏళ్ళ కారు కాబట్టి ముందు తుప్పు సంగతి తేల్చుకోవాలి. తుప్పు రేకుకు ఎంత మంచి వెల్డర్ వెల్డు పెట్టినా నిలవదు.

షెవెల్ లాంటి కార్లకు కింద విడి ఫ్రేమ్ ఉంది కాబట్టి ఈ బాధ తక్కువ. పాత ఫ్రేమ్ పక్కనపెట్టి, ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తో తయారై వచ్చిన కొత్త ఫ్రేమ్ మీద బాడీని దించేస్తారు.

కొలతల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మంచి పనికీ చెడ్డ పనికీ తేడా అక్కడే తెలుస్తుంది. కారును సమంగా స్టాండ్ల మీద నిలబెట్టి, బాడీ కింద కంపెనీ వదిలిన రంధ్రాల నుంచి తూకం గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెడతారు. మన తాపీమేస్త్రీ గోడకు వేసే గుండే. ఆ గుర్తుల్ని కలుపుతూ కారు నడిమి గీత గీస్తారు. మూలల నుంచి మూలలకు కొలిచి, రెండు ఐమూలలూ సమానం ఉన్నాయో లేదో చూస్తారు. పాత కారుకు ఎప్పుడో ఎవరో గుద్ది ఉంటారు, అవి సమానంగా ఉండవు. ముందు దాన్ని సరిచేసుకుని, ఆ గీతకు లంబంగా కొత్త యూనిట్ నిలబెట్టి, ముందు చుక్కలు చుక్కలుగా మాత్రమే వెల్డు వేస్తారు. మళ్ళీ కొలుస్తారు. వేడికి ఇనుము లాగుతుంది కాబట్టి ఒక పక్క కాస్త, రెండో పక్క కాస్త వేసుకుంటూ పోతారు. యూనిట్ నడిమి గీతకు ఒక్క డిగ్రీ పక్కకు ఉన్నా కారు తిన్నగా పోవాలంటే స్టీరింగు వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది.

పాత ఇరుసుకు వెనక అలైన్‌మెంట్ అన్న మాటే లేదు. ఇనుప గొట్టం ఎలా ఉంటే చక్రాలు అలా. కొత్తదానికి చక్రం వాలు, చక్రం దిక్కు రెండూ సరిచూసుకోవాలి, బుష్‌లు అరిగితే మళ్ళీ చూసుకోవాలి. గతుకు మీద చక్రం లేచినప్పుడు దాని దిక్కు మారకూడదు. మారితే స్టీరింగు తిప్పకుండానే కారు వెనక నుంచి తనకు తాను తిరుగుతుంది. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో అంగుళం చొప్పున లేపుతూ ప్రతిసారీ దిక్కు కొలిచి చూసిన షాపు పని నమ్మదగ్గది. అలా కొలిచిన కాగితం చూపించమని అడగండి.

మిగతావి చిల్లర పనుల్లా కనిపిస్తాయి కానీ నెలలు తినేవి అవే. సైలెన్సర్ గొట్టాలు పాత ఇరుసు మీదుగా వెళ్ళేవి. ఇప్పుడు ఆ చోట ఆర్ములూ షాఫ్టులూ ఉంటాయి. పాత మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, కాబట్టి దాన్ని అటూ ఇటూ జరపడం అంత సులువు కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త పొడవుకు చేయించాలి. రెండు కొసల జాయింట్ల కోణాలు సమానంగా లేకపోతే హైవే వేగంలో కారంతా సన్నగా వణుకుతుంది. డ్రమ్ బ్రేకులు పోయి డిస్కులు వస్తాయి కాబట్టి బ్రేక్ లైనులో డ్రమ్ముల కోసం పెట్టిన ఒత్తిడి వాల్వు తీసేయాలి, లేకపోతే ప్యాడ్లు డిస్కును వదలకుండా రాస్తూనే ఉంటాయి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా కొత్తగా చేయించాలి.

ఇంతా చేశాక కారు నిజంగా మెరుగవుతుందా? దేనికోసం అన్నదాన్ని బట్టి. పావు మైలు తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసుకైతే ఒంటి ఇరుసే రాజు. కారు దూకినప్పుడు వెనక భాగం కుంగుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో అలా కుంగితే చక్రాలు లోపలికి వాలి, టైరు లోపలి అంచు మీదే బరువు పడుతుంది. ఒంటి ఇరుసు ఎంత కుంగినా టైరు పూర్తి వెడల్పుతో రోడ్డుకు ఆనుతుంది. షాఫ్టులకు మడత జాయింట్లు లేవు కాబట్టి విరిగేవీ తక్కువ.

మలుపుల రేసుల్లో కూడా పాత ఇరుసును తక్కువ అంచనా వేయడానికి లేదు. షెల్బీ జీటీ350 కమాన్ పట్టీల మీదే 1965, 66, 67 మూడేళ్ళూ వరసగా అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) బి-ప్రొడక్షన్ టైటిల్ గెలిచింది. ఇరుసు మెలిక పడకుండా అదనపు రాడ్లు, కోని షాకులు, తిరుగులేని లాకింగ్ డిఫరెన్షియల్... అంతే తేడా. రేసర్ మార్క్ డొనహ్యూ 1968, 69 ట్రాన్స్-ఆమ్ రేసుల సిరీస్ గెలిచిన కమారోలూ ఒంటి ఇరుసువే. నాస్కార్ రేసుల ప్రధాన సిరీస్ అయితే 2022 దాకా దాన్ని వదల్లేదు. నున్నటి ట్రాకు మీద, సరిగ్గా కట్టిపడేసిన ఇరుసు దాదాపు అన్ని పనులూ చేస్తుంది.

అది తేలిపోయేది మామూలు రోడ్ల మీద. మిషిగన్‌లో చలికాలం పోయాక తేలిన గుంతలు, కొండదారిలో మలుపు మధ్య వచ్చే అతుకులు, పాత కాంక్రీటు హైవే కీళ్ళు. అక్కడ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న పాత మస్టాంగ్ తీరే వేరు. కారు రోడ్డును వదలదు, వెనక కూర్చున్నవాళ్ళ నడుమూ బతుకుతుంది. దూర ప్రయాణాలకు పాత కారు వాడదలచినవాళ్ళకు ఈ ఖర్చు దండగ కాదు. ఆదివారం షోకు తీసుకెళ్ళి బానెట్ తెరిచి నిలబెట్టేవాళ్ళకు మాత్రం ఇది కేవలం ముచ్చట. ముచ్చట తప్పు కాదు, దానికి ‘హ్యాండ్లింగ్’ అని పేరు పెట్టుకోకపోతే చాలు.

ఇది చదివి మన దగ్గర ఏ పాత అంబాసిడర్ మీదో ప్రయోగం చేద్దామనుకునేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతే గట్టిగా చెప్పింది. ఆర్టీవో ఆఫీసు గడప తొక్కకుండా వెల్డింగు షాపు గడప తొక్కవద్దు.

అమెరికాలో పాత కారు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బు పెట్టే వరస నాకు తోచినంతలో ఇది. మొదట తుప్పు, తర్వాత టైర్లు, ఆ తర్వాత మంచి షాకులు, కొత్త బుష్‌లు, సరైన కమాన్ పట్టీలు. దానితోనే కారు సగానికి పైగా బాగుపడుతుంది. అలా ఒక ఏడాది నడిపి, ఇంకా వెనక భాగం ఇబ్బంది పెడుతోందనిపిస్తే, బాడీని కోయాల్సిన పని లేకుండా బిగించే యూనిట్ వెతుక్కోండి. విప్పిన పాత ఇరుసును మాత్రం అమ్మేయకుండా గ్యారేజీలో ఒక మూల దాచండి. కారు అమ్మే రోజున కొనేవాళ్ళు దాన్ని అడగొచ్చు.